తదితరులు పాల్గొన్నారు

బ్రిటన్‌లో స్థానిక పత్రికలు చచ్చిపోతున్నాయట. నేను జర్నలిజంలో ఎంఏ వెలగబెట్టడానికి వచ్చిన కార్డిఫ్‌లో ఈ ఏడుపు సిలబస్‌లోనే ఉంది. రైలెక్కితే గంటలోపే వచ్చే పోర్ట్ టాల్‌బట్ పేరుమోసిన ఉక్కు పట్నం. అక్కడి పత్రిక ‘పోర్ట్ టాల్‌బట్ గార్డియన్’ 2009లో మూతపడింది. పేపరు లేని ఊళ్లో జనం ఎట్లా నెట్టుకొస్తున్నారో పరిశోధించి, రేచల్ హవెల్స్ అనే జర్నలిస్టు ఇక్కడి యూనివర్సిటీ నుంచి 2015లో డాక్టరేటు తీసుకున్నారు. ఫ్యాక్టరీ ఉంది, కార్మికులున్నారు, గొడవలున్నాయి, రాసే మనిషే లేడు. ఈ సంగతి చెప్పినప్పుడు క్లాసంతా నిట్టూర్చింది. నాకు మాత్రం లోలోపల గర్వం పొంగింది.

మా బొగ్గు గనుల ఊరు గోదావరిఖనికి ఆ కరువు రాలేదు, రాదు. ఓపెన్‌కాస్ట్ గనిలో బ్లాస్టింగ్ చప్పుడు ఆగకముందే వాట్సాప్ గ్రూపులో వార్త పడుతుంది. ప్రెస్‌క్లబ్‌లో ఎవరు సమావేశం పెట్టినా కుర్చీలు చాలవు. ఇక్కడేమో కౌన్సిల్ మీటింగుకు పోయి కూర్చునే విలేకరి దొరక్క, 2018 నుంచి బీబీసీ తన లైసెన్సు ఫీజు డబ్బుతో జీతాలు కట్టి స్థానిక పత్రికల్లో మనుషులను పెట్టిస్తోంది. ఎంత చేతకానితనం! జీతమిచ్చి ఊరి విలేకరిని పెట్టుకునే పాత అలవాటును మావాళ్లు ఎన్నడో వదిలించుకున్నారు.

మన గొప్ప నేను చెప్పుకోవడం దేనికి, లైబ్రరీలో పుస్తకమే ఉంది. రాబిన్ జెఫ్రీ అనే ప్రొఫెసర్ భారతీయ భాషా పత్రికల మీద 2000లో తెచ్చిన గ్రంథం. 1974 ఆగస్టు 10న విశాఖలో మొదలైన ఈనాడు 1989లో జిల్లాకో చిన్న పేపరు జతచేసి ఇవ్వడం అందులో పెద్ద ముచ్చట. తన ఊరి పేరు, తన వాడకట్టు పేరు అచ్చులో చూసుకున్నవాడు పేపరు కొంటాడు. ఆ కిటుకును తర్వాత అందరూ అందుకున్నారు. ఇప్పుడు ఇక్కడి మేధావులు ‘హైపర్‌లోకల్’ అని సరికొత్తగా ఊరేగిస్తున్నది దాదాపు అదే సరుకు. అయితే జిల్లా పేజీ నింపాలంటే మండలానికో మనిషి కావాలి. అంతమందికి జీతాలిస్తే యజమాని మునుగుతాడు. ఈ చిక్కుకు తెలుగు పత్రికా రంగం కనిపెట్టిన మందు పేరు కంట్రిబ్యూటర్.

కంట్రిబ్యూటర్ ఉద్యోగి కాడు. తనకు వేరే బతుకుతెరువు ఉందని, సరదా కొద్దీ వార్తలు రాస్తున్నానని చేరేనాడే సంతకం పెడతాడు. ఆ సరదా పొద్దున ఆరింటికి మొదలై రాత్రి పేజీ పోయేదాకా సాగుతుంది. నెల తిరిగాక లైన్ అకౌంట్ వస్తుంది. అచ్చయినదాన్ని కొలిచి ఇచ్చే కూలి అది, బండి పెట్రోలుకు చాలదు. మజీఠియా వేజ్ బోర్డు సిఫార్సులను కేంద్రం 2011 నవంబరులో నోటిఫై చేసింది. యాజమాన్యాలు కోర్టుకెక్కితే 2014 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు సిఫార్సులే సరైనవంది. సంతోషమే. కానీ ఆ తీర్పు ఉద్యోగులకు. సరదాకు వేజ్ బోర్డు ఉండదు.

సరదా ఒక్కటే అయితే పర్వాలేదు, దానికి టార్గెట్ కూడా ఉంటుంది. ఆగస్టు 15, దసరా, జనవరి 1, జనవరి 26, నాయకుడి పుట్టినరోజు, పేపరు వార్షికోత్సవం. అన్నిటికీ మించి డిసెంబరు 23, మా బొగ్గు కంపెనీ సింగరేణి ఆవిర్భావ దినం. ప్రతి పండక్కీ ఇంత యాడ్ తేవాలని ముందే లెక్క కడతారు. తెస్తే కమీషన్. తేకపోతే మండలం ఇంకొకరికి. యాడ్ ఇచ్చేదెవరు? ఓవర్‌బర్డెన్ మట్టి తీసే కాంట్రాక్టరు, యూనియన్ నాయకుడు, కార్పొరేటరు, ప్రైవేటు ఆస్పత్రి, కార్పొరేట్ బడి. మరి వార్త ఎవరి మీద రాయాలి? పై వాక్యాన్నే ఇంకోసారి చదువుకోండి.

ఇక్కడ మాకు ‘ప్రయోజనాల వైరుధ్యం’ అనే పాఠం ఉంది. విలేకరి తాను రాసే మనిషి దగ్గర భోజనం చేయాలా వద్దా, చేస్తే ఆ సంగతి పాఠకులకు చెప్పాలా అని ఒక పూటంతా తర్జనభర్జన పడ్డాం. మా దగ్గర పద్ధతి వేరు అన్నాను. చెప్పమన్నారు.

“మీ ఊరి విలేకరికి డబ్బు ఎవరిస్తారు?” అని ప్రొఫెసర్ అడిగాడు.

“అతనే ఇస్తాడు.”

“ఎవరికి?”

“పేపరుకు. యాడ్ ఇచ్చినాయన బిల్లు ఎగ్గొడితే జేబులోంచి కడతాడు.”

“అంటే అతను యాడ్స్ విభాగం మనిషన్నమాట.”

“కాదండీ, యాడ్స్ విభాగంలో జీతాలుంటాయి.”

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. పక్క సీటు పిల్ల ఇది నోట్సులో రాసుకుంది. పరీక్షకు వస్తుందనుకున్నట్టుంది.

ఇదంతా పైనుంచి చూస్తే అర్థం కాదు. 8 ఇంక్లైన్ కాలనీలో ఒక అన్న ఉన్నాడు. జిరాక్స్ దుకాణం ఆయన ‘వేరే బతుకుతెరువు’. వార్త మొత్తం ఫోన్‌లో బొటనవేలితో కొడతాడు. ఒకనాడు బొగ్గు బాయి మీద జరిగిన గేట్ మీటింగ్ వార్త కొట్టాడు. మొదటి వాక్యంలో నాయకుడు డిమాండ్ చేశాడు. రెండో వాక్యంలో యాజమాన్యం మొండివైఖరి విడనాడాలన్నాడు. మూడో వాక్యంలో లేదంటే ఆందోళన ఉధృతం చేస్తామన్నాడు. అసలు మీటింగు ఎందుకు పెట్టారన్నది నాలుగో వాక్యంలో ఉంది, పైకప్పుకు పెట్టే సపోర్టు సామాను వేళకు అందడం లేదని. ఐదో వాక్యం నుంచి పేర్లు. ఉపాధ్యక్షుడు, బ్రాంచి కార్యదర్శి, సహాయ కార్యదర్శి, పిట్ కార్యదర్శులు, ఇంటిపేర్లతో సహా పదిహేను మంది. చివరన ‘తదితరులు పాల్గొన్నారు’.

పేజీలో జాగా తక్కువైంది. సబ్ ఎడిటర్ అనుభవజ్ఞుడు, పేర్లు ముట్టుకుంటే ఏమవుతుందో తెలిసినవాడు. నాలుగో వాక్యం తీసేశాడు. అయినా జాగా చాలక ఆఖరి పేరొకటి ఎగిరిపోయింది. తెల్లారి ఐదున్నరకు ఫోను.

“ఏందన్నా, నేను తదితరులనా?”

“ఎడిషన్‌ల కట్ చేసిండ్రు తమ్మీ, నా చేతుల లేదు.”

“దసరా యాడ్ సుత కట్ చేస్కోమంటవా మరి?”

మర్నాడు ‘మొక్కలు నాటిన పిట్ కార్యదర్శి’ అని ఫొటోతో వార్త వచ్చింది. సపోర్టు సామాను గురించి ఎవరూ ఫోను చేయలేదు.

నా పేరూ పేపర్లో పడింది, దాచడం దేనికి. విదేశీ విద్యకు పోతున్న కోల్‌బెల్ట్ బిడ్డ అని, ఓ నాయకుడు మా బాపుకు శాలువా కప్పుతున్న ఫొటో. ఫీజు బొగ్గు గనుల పీఎఫ్ లోన్‌ది, శాలువా డబ్బులు బాపువి. నాయకుడిది చిరునవ్వు.

ఇంతకూ బ్రిటన్ పత్రికా ధర్మానికి పుట్టినిల్లేమీ కాదు. 168 ఏళ్ల ‘న్యూస్ ఆఫ్ ది వరల్డ్’ జనం ఫోన్లలోకి దొంగచాటుగా దూరి, దొరికిపోయి 2011లో మూతపడింది. కార్డిఫ్‌కు దగ్గర్లోనే అబెర్‌ఫాన్ ఉంది. 1966 అక్టోబరు 21న బొగ్గు గని మట్టిగుట్ట జారి బడి మీద పడి 116 మంది పిల్లలు, 28 మంది పెద్దలు చచ్చిపోయిన ఊరు. చచ్చిపోయిన దోస్తుల కోసం ఏడువమ్మా, ఫొటో బాగుంటుందని ఒక ఫొటోగ్రాఫర్ చిన్నపిల్లకు చెప్పగా విన్నానని అక్కడ శిథిలాలు తవ్వినవాళ్లలో ఒకరు తర్వాత గుర్తు చేసుకున్నారు. కనుక భోజనం చేయాలా వద్దా అని పూటంతా చర్చించే వీళ్ల నిష్ఠను చూసి నాకు కళ్లేమీ చెదరలేదు.

కళ్లు చెదిరింది వేరే చోట. 1913 అక్టోబరులో ఇక్కడి సెంగెనిడ్ గనిలో పేలుడు జరిగి 439 మంది గని కార్మికులు, ఒక సహాయకుడు చనిపోయారు. బ్రిటన్ బొగ్గు గనుల చరిత్రలో ఇంతకన్నా పెద్ద ప్రమాదం లేదు. విచారణలు అయ్యాక గని మేనేజరుకు పడిన జరిమానా 24 పౌండ్లు. ‘మెర్థిర్ పయనీర్’ అనే చిన్న పేపరు ఆ మొత్తాన్ని ప్రాణాల లెక్కతో భాగించింది. గని కార్మికుడి ప్రాణం ఒక షిల్లింగు ఒకటింపావు పెన్నీ అని శీర్షిక పెట్టింది. అంతే. ‘ఉలిక్కిపడ్డ కోల్‌బెల్ట్’ లేదు, ‘మిన్నంటిన రోదనలు’ లేవు, భాగహారం ఒక్కటే. అది నిష్పాక్షిక పత్రిక కూడా కాదు, కార్మిక పార్టీ మనుషులు నడిపిన పేపరు. ఎవరి పైసలతో నడుస్తుందో ఊరందరికీ తెలుసు. దాని పైసలు మేనేజరు దగ్గర్నుంచి రాలేదు, అందుకే భాగహారం చేయగలిగింది.

మా దగ్గర 2003 జూన్ 16న జీడీకే-7 ఎల్‌ఈపీ బాయిలోకి నీళ్లు దూకి 17 మంది పోయారు. పరిహారాన్నో, జరిమానానో 17తో భాగించడం ఐదో తరగతి లెక్క. ఆ లెక్క చేసి శీర్షిక పెట్టాలని ఒక కంట్రిబ్యూటర్‌కు బుద్ధి పుట్టిందనుకోండి. డిసెంబరు 23 అడ్డం నిలబడుతుంది.

ఆ డిసెంబరు 23 ప్రత్యేక పేజీలు తిరగేయండి. 1871లో విలియం కింగ్ ఇల్లెందు ప్రాంతంలో బొగ్గు కనిపెట్టుట, 1886లో లండన్‌లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ పుట్టుట, 1920లో సింగరేణి కాలరీస్‌గా పేరు మారుట, దినదిన ప్రవర్ధమానమగుట. చుట్టూ శుభాకాంక్షలు, చేతులు జోడించిన ఫొటోలు, నల్లసూరీళ్లకు వందనాలు. నడుమ ఒక ముచ్చట మాత్రం జారిపోతుంది. కంపెనీ పుట్టిన రెండేళ్లకే వాటాల గోల్‌మాల్ బయటపడింది. నిజాం సర్కారు తరఫున వ్యవహారం నడిపిన అబ్దుల్ హక్ దొర తన వాటాలను తన సర్కారుకే అంటగట్టి లాభం గుంజాడని గొడవైంది. 1888లో బ్రిటిష్ పార్లమెంటు ఏకంగా సెలెక్ట్ కమిటీ వేసింది. ఊయలలో ఉండగానే కుంభకోణం బయటికొచ్చిన కంపెనీలు ప్రపంచంలో ఎన్ని ఉంటాయి? ఇంత రంజైన సరుకును వదిలేసి, ‘సిరుల తల్లి సింగరేణి’ అని ఏటేటా అదే వ్యాసం దించుతాం. అబ్దుల్ హక్ మీద రాస్తే ఇప్పుడు పరువు నష్టం దావా వేసేవాడు కూడా లేడు. యాడ్ ఇచ్చేవాడూ లేడు, అదీ చిక్కు.

ఈ రోగం గురించి మనవాళ్లకు తెలియదనుకోకండి. 2009 ఎన్నికల్లో అభ్యర్థుల దగ్గర డబ్బు తీసుకుని వార్తలు వేసిన పేపర్ల సంగతి పైకి తెచ్చినవాళ్లలో మన తెలుగు జర్నలిస్టుల సంఘం ముందుంది. ప్రెస్ కౌన్సిల్ వేసిన ఇద్దరు సభ్యుల కమిటీలో ఒకరు పరంజయ్ గుహ ఠాకుర్తా, రెండోవారు మన కె. శ్రీనివాసరెడ్డి. పేర్లతో సహా 2010లో నివేదిక రాశారు. ప్రెస్ కౌన్సిల్ దాన్ని పక్కనపెట్టి, పొట్టి నివేదిక ఒకటి విడుదల చేసింది. అసలుది బయటికి రావడానికి సమాచార హక్కు చట్టం కావలసివచ్చింది. పత్రికల మీద రాసిన నివేదికలోనూ నాలుగో వాక్యం కోతకే పోయింది.

ఎన్నికలప్పుడు డబ్బు తీసుకుంటే పెయిడ్ న్యూస్ అని పేరుంది. ఎన్నికలు లేనప్పుడు, ఏడాది పొడుగునా, యాడ్ పేరుతో తీసుకుంటే? దాన్ని రెవెన్యూ అంటారు. ఆ రెవెన్యూ తెచ్చిన అన్నను ఊళ్లోవాళ్లు బ్లాక్‌మెయిలర్ అంటారు. కొందరు నిజంగా అట్లా తయారైనవాళ్లే, కాదనను. జీతమివ్వకుండా మెడలో కార్డు వేసి ఊరి మీదికి వదిలితే ఏమవుతుందో యాజమాన్యానికి తెలియదా? తెలుసు. అందుకే చేరేనాడే సరదా సంతకం తీసుకుంటుంది. మర్నాడు ఏదైనా అయితే, ‘అతనికీ మా సంస్థకూ సంబంధం లేదు’.

కాబట్టి బాధ్యత గల విద్యార్థిగా నాదో ప్రతిపాదన. 2024 సెప్టెంబరులో సింగరేణి లాభాల వాటా ప్రకటించారు. 33 శాతం, 796 కోట్లు, పర్మినెంట్ కార్మికుడికి సగటున 1 లక్షా 90 వేలు. కాంట్రాక్టు కార్మికులకు తొలిసారిగా తలా 5,000. భాగహారం నేర్చుకున్నాను గనక చెబుతున్నాను, ఒక పర్మినెంట్ వాటా 38 మంది కాంట్రాక్టు కార్మికుల వాటాలకు సమానం. ఒకే బొగ్గు, ఒకే దుమ్ము. అయినా ఆ 5,000 చూసి మా కంట్రిబ్యూటర్లు కుళ్లుకోవాల్సిందే. వాళ్లకు ఏ పేపరూ లాభాల వాటా ఇచ్చిన పాపాన పోలేదు.

51 శాతం రాష్ట్ర ప్రభుత్వానిది, 49 శాతం కేంద్రానిది అయిన సింగరేణి, కోల్‌బెల్ట్ విలేకరులను కాంట్రాక్టు కార్మికుల జాబితాలో కలిపేసుకోవాలి. మస్టర్ పడుతుంది, బూట్లిస్తారు, హెల్మెట్ ఇస్తారు, పీఎఫ్ కోస్తారు. ప్రమాదం జరిగితే ఇప్పటిలా గేటు బయట నిలబడి పీఆర్వో ప్రకటన కోసం ఎదురుచూసే అవస్థ ఉండదు, షిఫ్టుతో పాటే కిందికి దింపుతారు. పైకప్పు సపోర్టు సంగతి రాయాలా వద్దా అన్న సందేహం కింద నిలబడ్డ ఐదు నిమిషాల్లో తీరుతుంది. పేపరు యాజమాన్యాలకూ సుఖమే, లైన్ అకౌంట్ లెక్కలు తప్పుతాయి.

యాజమాన్యం సొమ్ము తింటూ యాజమాన్యం మీద వార్తలెట్లా రాస్తారని ఎవరైనా అడగవచ్చు. పాతికేళ్ల అనుభవం ఉన్నవాళ్లు మా దగ్గర చాలామంది ఉన్నారు, శిక్షణ అక్కర్లేదు. ఇక డిసెంబరు 23 శుభాకాంక్షల యాడ్ అంటారా, దాన్ని నెలకింత చొప్పున వాళ్ల జీతంలోంచే కోసుకుంటే సరిపోతుంది. ఇప్పుడు జేబులోంచి కడుతున్నదానికి అప్పుడు రసీదైనా వస్తుంది.