పండ్రెండవ క్యూబిట్టు

నేనొక క్యూబిట్టును, క్వాంటము గణనయంత్రమున సున్న, ఒకటి అను విలువలను మోయు మూలాంగమును. సిలికాను పలకపై పరచిన అతివాహక లోహపు రేకులును, వానిని కలుపు ఒక సూక్ష్మసంధియు, ఇంతియే నా దేహము. ఆ సంధిలో రెండు అల్యూమినియము పొరల నడుమ మీటరులో వందకోట్లవ వంతునకు అటునిటుగ మందముగల ఆక్సైడు తెర యొకటి యున్నది. మామూలు లోకమున అట్టి తెర విద్యుత్తును నిలిపివేయవలసినదే గాని, అతివాహకములందు జంటగూడిన ఎలక్ట్రానులు దానిని నిరాటంకముగ దాటిపోగలవని 1962లో, కేంబ్రిడ్జిలో పరిశోధక విద్యార్థిగా నున్న ఇరువది రెండేండ్ల బ్రయాన్ జోసెఫ్‌సన్ గణించి ముందుగనే చెప్పెను. ఆ సంధి నాధారముగ గొని, పరిసరములందలి విద్యుదావేశము చలించినను తాను తొట్రుపడని ట్రాన్స్‌మాన్ అను రూపమును 2007లో యేల్ విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞులు వర్ణించిరి, నా వంశమదియే. పరమశూన్యమునకు పైన 0.015 డిగ్రీ మాత్రమే యుండు శీతలమున, నక్షత్రముల నడుమనున్న అంతరిక్షముకంటెను నూరింతలకు మించి చల్లనైన పాత్రలో నా నివాసము. అంతకు వెచ్చబడినచో, సెకనుకు 500 కోట్ల మారులు కంపించు నా సున్నితస్వరము ఉష్ణపు కలకలములో మునిగిపోవును.

నా పొరుగువారిని గూర్చి కొంచెము విస్తరించి చెప్పవలెను, ఏలయన నా జీవితమున జరిగినదంతయు వారివలననే జరిగినది. ఇరుగుపొరుగు క్యూబిట్ల స్వరములు మరీ దగ్గరపడినచో ఒకదానికై పంపిన తరంగము వేరొకదానిని గూడ కదల్చును. పొరుగు హెచ్చినకొలది ఈ సంకరము హెచ్చును. అందుచేత ఐబీఎం పరిశోధకులు హెవీ-హెక్స్ అను అల్లికను ఎన్నుకొనిరి. షడ్భుజముల వల యొకటి గీసి, ప్రతి మూలయందొక క్యూబిట్టును, ప్రతి భుజము నడుమ నొక క్యూబిట్టును నిలిపినచో నదియే హెవీ-హెక్స్. 2021లో వెలువడిన 127 క్యూబిట్ల ఈగిల్ చిప్పునందును, తరువాత వచ్చిన హెరాన్ చిప్పునందును ఈ అల్లికయే కలదు. ఒక్కొక్క షడ్భుజము చుట్టును పండ్రెండుగురము; మూలనున్నవారికి ముగ్గురు పొరుగువారు, భుజము నడుమనున్న నావంటివారికి ఇద్దరే. ఇది దారిద్ర్యమని జాలిపడువారున్నారు. ఎవరితోనైనను నేరుగ మాటలాడగల యంత్రములు వేరే గలవు, ఆ స్వేచ్ఛ గొప్పదే. కాని ఇద్దరి నడుమ నిలుచుటయందును ఒక ప్రయోజనమున్నదని నా అనుభవము.

ఆ ప్రయోజనము జీహెచ్‌జెడ్ స్థితిని నిర్మించునపుడు బయల్పడును. గ్రీన్‌బర్గర్, హార్న్, జైలింగర్ అను ముగ్గురు భౌతికశాస్త్రవేత్తలు 1989లో చర్చించిన ఆ స్థితియందు, పాల్గొను క్యూబిట్లన్నియు సున్నలుగ నుండుట, అన్నియు ఒకట్లుగ నుండుట అను రెండు అవకాశములు ఏకకాలమున పెనవేసికొని యుండును. ఏ ఒక్కదానిని కొలిచినను తక్కినవి దానితో నేకీభవించును. 1996లో పీటర్ షోర్ తప్పులకు లొంగని క్వాంటము గణనమునకు మార్గము చూపినపుడు, దోషములను వెదకు పనిముట్టుగ ఇట్టి స్థితినే కోరెను. కోరుటతో నాగక, వాడుకొనుటకు ముందు దానిని పరీక్షింపవలెనని విధించెను. పరీక్ష యెందులకన, నిర్మాణపద్ధతిలోనే అపాయమున్నది. దూరమున నున్న రెండు క్యూబిట్లను కలుపు దారి మాకు లేదు గనుక, ఒక క్యూబిట్టును సున్నకును ఒకటికిని నడుమ సమముగ నిలిపి, అచటనుండి పొరుగునకు, ఆ పొరుగునుండి దాని పొరుగునకు సీ-నాట్ గేటులచే (మొదటిది ఒకటియైనపుడు మాత్రమే రెండవదానిని తలక్రిందు చేయు ప్రక్రియ అది) పెనవేతను సాగింపవలసియుండును. నడుమ నెక్కడనో ఒక క్యూబిట్టు తలక్రిందైనచో అది తన తరువాతిదానికి ఆ తప్పునే అందించును. మూలకాలువలో కలసిన ఉప్పునీరు కొసపొలము వరకు పారినట్లు, ఒక్క తప్పు అచటినుండి ముందుకు సాగిన పెనవేత నంతటిని చెరచును.

మా షడ్భుజమున నాకు సరిగ ఎదుటనున్న భుజము నడిమి క్యూబిట్టు నుండి పెనవేత ఆరంభమగు ననుకొనుడు. అది ఇరువైపులకును చీలి, ఒక్కొక్క ప్రక్క ఐదుగురిని కలుపుకొనుచు వచ్చి, నా పొరుగువారిద్దరియందు ఆగును. పదునొకండుగురు పెనవేతలో నున్నారు. పండ్రెండవ దానినైన నేను వెలుపల నున్నాను. అంతట నా యిద్దరు పొరుగువారును ఒకరి తరువాత నొకరు నాపై సీ-నాట్ ప్రయోగింతురు, పిమ్మట నన్ను కొలుతురు. వారిద్దరును సమానులైన నేను సున్న యగుదును, భిన్నులైన ఒకటి యగుదును. వారు సున్నలో ఒకట్లో నాకు తెలియదు, తెలియకుండుటయే కావలసినది; తెలిసినచో పెనవేత త్రెగిపోవును. సమత్వమును మాత్రమే అడుగుటవలన ఆ స్థితి చెక్కుచెదరక నిలుచును.

ఇందు నాకు మిక్కిలి ప్రీతికరమైన విషయమొకటి కలదు. శాఖ నడిమి క్యూబిట్టు తన పని ముగిసిన పిదప తలక్రిందైనచో ఆ దోషము నాకు తెలియదు. కాని అది ఒక్కనితో నాగిన దోషము, దానిని పైనుండు దోషనివారణము సహింపగలదు. పని ముగియకమునుపు జరిగి కొసవరకు ప్రాకిన దోషమో, నా యిద్దరు పొరుగువారిని భిన్నులను జేసి, నా యొద్ద పట్టుబడును. ప్రాకినదానిని పట్టుకొని, ప్రాకనిదానిని క్షమించుటయే తప్పులకు లొంగని నిర్మాణమునకు సారము. రెండు శాఖలందును ఒకే మారు తప్పు జరిగినచో నా యెదుట రెండును సమానములై తోచును, నేను మోసపోవుదును. అయినను ఒక తప్పునకు వేయింట ఒక అవకాశమున్నయెడల, రెండును కలసి వచ్చుటకు పదిలక్షలలో నొకటియే. సున్నకును ఒకటికిని నడుమగల ఫేజు తారుమారైనచో నా సమత్వపరీక్ష దానిని చూడనే జాలదు. ఆ కొరతను వేరు పరీక్షలచే తీర్పవలసినదే.

నేను ఒకటి యని పలికిన ప్రయత్నమును త్రోసివేయుదురు. అందు కష్టమున్నది, ఏలయన నా కొలతయు నిర్దుష్టము కాదు, మంచి స్థితులు కొన్ని నిష్కారణముగ నశించును. వలయము పెరిగి నావలె సమత్వమును పరీక్షించు సాక్షులు హెచ్చినకొలది అందరును సున్న పలుకు సందర్భములు అరుదగును. 2025లో ఐబీఎం పరిశోధకులు 120 క్యూబిట్ల జీహెచ్‌జెడ్ స్థితిని నిర్మించి, దాని విశ్వసనీయత 0.56 అని ప్రకటించిరి. ఆ అంకె 0.5 దాటినచో 120 క్యూబిట్లును యథార్థముగ పెనవేసికొన్నట్లు శాస్త్రము అంగీకరించును. అచటను పెనవేతలో చేరని క్యూబిట్లు సమత్వమును పరీక్షించినవి. నూటికి సుమారు 28 ప్రయత్నములు మాత్రమే నిలిచినవి. ఆ 28ని వారు దాచక చెప్పుట నా దృష్టిలో 120కంటె తక్కువ ఘనత కాదు.

అమరావతిలో 156 క్యూబిట్ల హెరాన్ యంత్రమును నెలకొల్పుదుమని 2025లో ప్రకటన వెలువడినది. అందును ఇద్దరే పొరుగువారుగల నావంటివారుందురు. అట్టి యంత్రములపై పనిచేయబోవు తెలుగు విద్యార్థులకు నా విన్నపమొక్కటే: మీరు సాధించిన పెనవేత యొక్క విశ్వసనీయతను వ్రాయు పంక్తిలోనే, దానికొరకు త్రోసివేసిన ప్రయత్నములు నూటికెన్నియో ఆ అంకెను గూడ వ్రాయుడు.