కలెక్టరు మామిడి, కలెక్టరు కాని కుర్రాడు

పండ్లు, కూరగాయలు, పూలు, సుగంధద్రవ్యాలు, కొబ్బరి, జీడిమామిడి వంటి తోటపంటల పెంపకాన్నీ, కోత తరువాత వాటి సంరక్షణనూ శాస్త్రీయంగా బోధించే విద్యకు ఉద్యానశాస్త్రం అని పేరు. ఇది పాఠ్యగ్రంథాల నిర్వచనం. తెలుగునాట ఆచరణలో మాత్రం మరొక నిర్వచనం స్థిరపడి ఉంది. ఇంటర్మీడియట్‌లో బైపీసీ చదివినవాడికి వైద్యసీటు రాక, వ్యవసాయ డిగ్రీ సీటు కూడా కొద్దిలో తప్పిపోయినప్పుడు, కౌన్సెలింగ్ తెరపై ఇంకా మిగిలి ఉండి, ఇంట్లోవాళ్లు ‘సరేలే, అదీ గవర్నమెంటు కాలేజీయే కదా’ అని సమాధానపడేదే ఉద్యానశాస్త్రం. విచిత్రమేమిటంటే ఈ రెండవ నిర్వచనం ప్రకారం చేరినవారిలో చాలామంది మూడవ సెమిస్టరు నాటికి మొదటి నిర్వచనాన్ని నిజంగానే ప్రేమించడం మొదలుపెడతారు. అయితే ఆ సంగతి బంధువులకు చెప్పే ధైర్యం మాత్రం ఎవరికీ ఉండదు.

హార్టికల్చర్ అన్న మాట లాటిన్ భాషలోని ‘హోర్టస్’, ‘కుల్తురా’ అనే రెండు పదాల నుంచి పుట్టింది. మొదటిదానికి కంచె వేసిన తోట అనీ, రెండవదానికి సాగు అనీ అర్థం. కాబట్టి పొలానికీ తోటకూ మధ్య ఆదిలో ఉన్న తేడా ఒక్క కంచె మాత్రమే. ఆ కంచెకు ఒక పక్కన వ్యవసాయశాస్త్రం వరి, పత్తి, మొక్కజొన్నలను వెంటబెట్టుకుని పెద్దన్న హోదా అనుభవిస్తూ ఉంటే, రెండవ పక్కన ఉద్యానశాస్త్రం ‘అగ్రికల్చరేనా?’ అని అడిగిన ప్రతివారికీ ‘కాదండీ, హార్టీ’ అని జవాబు చెప్పుకుంటూ, ఆ జవాబు విన్నవారు ‘అదే, అదే’ అనడాన్ని భరిస్తూ కాలం గడుపుతూ ఉంటుంది.

ప్రవేశ విధానంలోనూ ఒక చమత్కారం ఉంది. ఒకనాటి ఎంసెట్, నేటి ఈఏపీసెట్ ర్యాంకుల ఆధారంగా సీట్లు ఇచ్చేటప్పుడు రైతు కుటుంబాల పిల్లలకు కొన్నింటిని ప్రత్యేకించే ఆనవాయితీ ఉన్నందున, ‘నా కష్టం నీకొద్దురా’ అంటూ కొడుకును ఏనాడూ పొలం గట్టు ఎక్కనీయకుండా హాస్టళ్లలో పెట్టి చదివించిన తండ్రే, తీరా కౌన్సెలింగ్ నాటికి ఆ కుర్రాడు అచ్చమైన రైతుబిడ్డ అని రుజువు చేయడానికి పట్టాదారు పాసుపుస్తకాన్ని బీరువాలోంచి తీయవలసి వస్తుంది. కుర్రాడు తమ పొలం సర్వే నంబరును మొదటిసారి చూసేది ఆ రోజే.

ఈ విద్యకు ప్రత్యేకంగా విశ్వవిద్యాలయాలు ఏర్పడటం దేశంలో అంత పాత విషయమేమీ కాదు. హిమాచల్ ప్రదేశ్‌లోని సోలన్‌లో 1985లో ఏర్పడిన ఉద్యాన, అటవీ విశ్వవిద్యాలయానికి ఆ రాష్ట్ర తొలి ముఖ్యమంత్రి డాక్టర్ వై.ఎస్. పర్మార్ పేరు ఉండగా, పశ్చిమ గోదావరి జిల్లాలో తాడేపల్లిగూడెం దగ్గరి వెంకటరామన్నగూడెంలో 2007లో వెలసిన ఉద్యాన విశ్వవిద్యాలయానికి తరువాతి కాలంలో డాక్టర్ వై.ఎస్.ఆర్. పేరు చేరింది. ఇద్దరూ ముఖ్యమంత్రులే, ఇద్దరూ డాక్టర్లే, ఇద్దరూ వై.ఎస్.లే కావడం వల్ల పేరుకు ముందుండే పొడి అక్షరాలకూ మామిడి తోటలకూ ఏదో జన్యుసంబంధం ఉండి ఉంటుందని ఏ పరిశోధక విద్యార్థికైనా అనుమానం కలిగితే అతణ్ణి తప్పుపట్టలేం. తెలంగాణలో కొండా లక్ష్మణ్ బాపూజీ పేరిట ఏర్పడిన విశ్వవిద్యాలయం సిద్దిపేట జిల్లా ములుగులో ఉంది. సమ్మక్క సారలమ్మల జాతర జరిగే మేడారం ఉన్నది ములుగు అనే పేరే ఉన్న మరొక జిల్లాలో. కనుక ‘జాతరకొచ్చినప్పుడు మీ కాలేజీకొచ్చి చూసిపోతాం’ అని మాట ఇచ్చిన బంధువుల కోసం అక్కడి విద్యార్థులు ఎదురుచూడకపోవడమే మంచిది.

ఇక చదువులోకి ప్రవేశిస్తే, తెలుగు ఇంటి ఆశలకూ పాఠ్యప్రణాళికకూ మధ్య గల అగాధం పండ్లశాస్త్రం మొదటి నెలలోనే బయటపడుతుంది. ముక్కు తేలి, కోలగా ఉండి, కోస్తే కాస్త పులుపు తగిలే తోతాపురి మామిడికి ఆంధ్ర ప్రాంతంలో కలెక్టరు అని వాడుక పేరు. చిత్తూరు ప్రాంతపు గుజ్జు ఫ్యాక్టరీలకు ఇదే ప్రధానమైన ముడిసరుకు. కొడుకు కలెక్టరు కావాలని కోరుకున్న ఇంటి కుర్రాడు ఆ విధంగా నాలుగేళ్లపాటు కలెక్టరు ఆకు, కలెక్టరు పూత, కలెక్టరు టెంక, చివరకు కలెక్టరుకు సోకే తెగుళ్లు కూడా చదివి పరీక్ష రాస్తాడు. చాలా మామిడి రకాలకు ఒక ఏడు విరగకాసి మరుసటి ఏడు మొండికేసే గుణం ఉంది, దానిని శాస్త్రం ఏడు విడిచి ఏడు కాపు అని పిలుస్తుంది. కలెక్టరు మాత్రం దాదాపు ఏటా క్రమం తప్పకుండా కాస్తుంది. బదిలీల బెడద లేని కలెక్టరు ఇదొక్కటే.

ఈ మొండి కాపును మాన్పించడానికి ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు చేసిన ప్రయత్నం తెలుగు విద్యార్థికి ఇట్టే అర్థమవుతుంది. ఏటా కాసే దక్షిణాది నీలం రకాన్ని తల్లిగానూ, రుచిలో మేటి అయిన ఉత్తరాది దశేరిని తండ్రిగానూ పెట్టి మల్లికను, దశేరిని తల్లిగానూ నీలాన్ని తండ్రిగానూ మార్చి ఆమ్రపాలిని సృష్టించారు. అంటే రెండు కుటుంబాల మధ్య పిల్లను ఇచ్చి పిల్లను తెచ్చుకోవడం. దీనిని సంకరణ పద్ధతి అని పుస్తకం అరపేజీలో వివరిస్తే, వెనుక బెంచీ ‘కుండమార్పిడి’ అన్న ఒక్క మాటలో తేల్చివేస్తుంది. ఆ మాటకు మార్కులు రావు కానీ మరపు కూడా రాదు.

ఉద్యానశాస్త్రం వంటింటి మీద చేసే దాడి ఇంకా తీవ్రమైనది. కొత్తిమీర ఆకుగా ఉన్నంతవరకు కూరగాయల విభాగంలోనూ, అదే మొక్క ధనియాలు కాయగానే సుగంధద్రవ్యాల విభాగంలోనూ చేరిపోతుంది కనుక ఒకే మొక్కను ఇద్దరు ప్రొఫెసర్ల దగ్గర రెండుసార్లు చదవాలి. అరటి చెట్టు చెట్టే కాదు, ఆకుల తొడుగులు ఒకదానిపై ఒకటి చుట్టుకుని కాండంలా నటించే ఒక పెద్ద గుల్మం. పెళ్లిపందిరికి కట్టేటప్పుడు ఈ విషయం ఎత్తిన విద్యార్థికి రెండవ వరుస భోజనంలో గారెలు అందవు. టమాటా వృక్షశాస్త్ర రీత్యా పండే అయినా అమెరికా సుప్రీంకోర్టు 1893లో సుంకం వసూలు కోసం దానిని కూరగాయగా తీర్మానించింది. తెలుగు ఇళ్లలో ఏ కోర్టుతోనూ పని లేకుండా పప్పు ఆ తీర్పు ఎప్పుడో ఇచ్చేసింది. వేమన పద్యం పుణ్యాన తరతరాలుగా పరువు పోగొట్టుకున్న మేడిపండు నిజానికి లోపలికి ముడుచుకున్న పూలగుత్తి అనీ, అందులో కనిపించే సన్నని పురుగులలో దానికి పరాగసంపర్కం చేసిపెట్టే కందిరీగ జాతి కీటకాలు కూడా ఉంటాయనీ తెలిసిన రోజున, ఇన్నాళ్లూ ఉపమానంగా తిట్లు తిన్న ఆ పురుగు పట్ల విద్యార్థికి తొలిసారిగా జాలి కలుగుతుంది.

అయితే ఈ విద్యకు గుండెకాయ అంటు కట్టడం. ఒక మొక్క వేరు మీద మరొక చెట్టు పుల్లను అతికించి ఒకే మొక్కగా పెంచడాన్ని అంటు అనీ, వేరునిచ్చేదాన్ని రూట్‌స్టాక్ అనీ, పైన కూర్చునే పుల్లను సయాన్ అనీ అంటారు. పరాయి ఇంటి వేరు మీద, ఆ ఇంటి నీళ్లతోనే బతుకుతూ, కాయ మాత్రం తన సొంత ఇంటిపేరుతోనే కాసే ఈ సయాన్‌ను ఇల్లరికపు అల్లుడు అనకుండా ఉండటం కష్టం. టెంక అంటు కట్టే ప్రాక్టికల్లో విద్యార్థి చేతికి రాగిరంగు ఆకులు ఇంకా వీడని పక్షం రోజుల మామిడి మొలకను ఇస్తారు. దాని తల కోసి, కాండాన్ని నడిమికి చీల్చి, వారం పది రోజుల ముందే ఆకులు తుంచి సిద్ధం చేసిన తల్లిచెట్టు పుల్లను ఉలి మొనలా చెక్కి ఆ చీలికలో దించి, బెరడుకూ కర్రకూ నడుమ ఉండే కేంబియం అనే పలుచని ఆకుపచ్చ పొర రెండింటిలోనూ కలిసేలా సర్ది, పాలిథిన్ పట్టీతో గాలి చొరకుండా బిగించాలి. మొదటి వారంలో పుల్లల కంటె వేళ్లకే ఎక్కువ పట్టీలు పడతాయి. రెండవ వారంలో ఆత్రం ఆగక, అతికిందో లేదో చూద్దామని పట్టీ విప్పినవారి అంట్లన్నీ ఎండిపోతాయి. మూడవ వారంలో, నీడవల కింద మరచిపోయిన ఏదో ఒక మూల సంచిలో, సయాన్ కొసన గోరంత మొగ్గ విచ్చుతుంది. ఆ పూట ఆ విద్యార్థి నడక చూసినవారు అతనికి గ్రూప్ వన్ వచ్చిందని పొరబడతారు. ఇదే సమయంలో కడియం నర్సరీల్లో కేంబియం అన్న పేరే వినని కూలీ మనిషి కబుర్లు చెబుతూ చెబుతూ అంట్లు కడుతూ పోతుందనీ, ఆమె అంటు బతికినంత నిశ్చింతగా రికార్డు పుస్తకంలో రంగు పెన్సిళ్లతో వేసిన బొమ్మ బతకదనీ ఇక్కడ ఒప్పుకోక తప్పదు.

నాలుగవ ఏడాది విద్యార్థులను ఒక సెమిస్టరు పాటు పల్లెల్లో రైతుల దగ్గర ఉంచుతారు. ముప్పై ఏళ్లుగా తోట చేస్తున్న రైతుకు ఇరవై ఒక్క ఏళ్ల కుర్రాడు సలహా చెప్పాలన్న ఈ ఏర్పాటులో ఎవరు ఎవరికి గురువో నిర్ణయించే పని వర్షాలకు వదిలేశారు. ‘బాబూ, ఈ బొప్పాయిల్లో ఏది ఆడదో ఏది మగదో చెప్పు’ అన్న మొదటి ప్రశ్నకే ‘పూత వచ్చేదాకా చెప్పలేమండీ’ అని శాస్త్రం ఒప్పుకున్న నిజాన్ని ఉన్నదున్నట్టు చెప్పి విద్యార్థి పరువు పోగొట్టుకుంటాడు. కానీ మాఘమాసంలో మామిడి పూత మీద బంక కారి, ఆకులు మసి పూసినట్టు నల్లబడి, రైతు దాన్ని మంచు దెబ్బ అనుకుంటున్న పూట లెక్క మారుతుంది. కుర్రాడు పూతగుత్తిని తట్టగానే టపటపమని ఎగిరిన చిన్న పురుగులను చూపి, వీటిని తేనెమంచు పురుగులంటారనీ, ఆ బంక ఇవి రసం పీల్చి విసర్జించిన తీపి ద్రవమనీ, ఆ తీపి మీద పెరిగిన బూజే ఆ మసి అనీ, కనుక మందు కొట్టవలసింది నలుపుకు కాదు పురుగుకు అనీ చెబుతాడు. రైతు వెంటనే ఒప్పుకోడు. మందుల షాపులో ఒకసారి అడిగి వచ్చి, ఆ మరునాడు కుర్రాడికి టీతో పాటు కుర్చీ కూడా వేయిస్తాడు.

ఇంటిలో మాత్రం ఆ గౌరవం దక్కదు. వైద్యవిద్యార్థిని రోగం అడిగేవారు కాస్త మొహమాటపడతారు. ఉద్యాన విద్యార్థిని ‘ఏరా, మా కరివేపాకు ఎంతకీ ఎదగట్లేదు, పుల్లమజ్జిగ పోయమంటావా?’ అని అడగడానికి పిన్నికి ఏ మొహమాటమూ ఉండదు. సమాధానం విన్నాక ‘ఈమాత్రానికి నాలుగేళ్లా?’ అన్న వ్యాఖ్య ఉచితంగా లభిస్తుంది.

ఉద్యోగాల విషయం త్వరగానే చెప్పవచ్చు. ఉద్యానశాఖలో అధికారి పోస్టు, గ్రామ సచివాలయంలో ఉద్యాన సహాయకుని కొలువు, ఆయిల్‌పామ్ కంపెనీల్లోనూ బిందుసేద్యం కంపెనీల్లోనూ క్షేత్రస్థాయి పని, బ్యాంకుల్లో వ్యవసాయ క్షేత్రాధికారి పదవి, ఇవేవీ కాకపోతే పోటీపరీక్షల కోచింగ్ కోసం హైదరాబాదు అశోక్‌నగర్‌లో ఒక గది. అంటు కట్టిన మామిడి నాలుగైదేళ్లకు కాపుకు వస్తుంది, డిగ్రీ కూడా నాలుగేళ్లే. టెంక నాటిన మొక్క కాయడానికి ఎనిమిది పదేళ్లు పడుతుంది, డిగ్రీకి రెండేళ్ల ఎమ్మెస్సీ, మూడేళ్ల పీహెచ్‌డీ కలిపితే తొమ్మిదేళ్లు. కనుక పిల్ల తండ్రులు ‘అబ్బాయి ఎప్పటికి స్థిరపడతాడు?’ అని అడిగితే అంటా, టెంకా అని తిరిగి అడగటమే సరైన పద్ధతి.

ఇక పాఠకులకు, ఆ నాలుగేళ్లూ చదివినవారి తరఫున ఒక్క విన్నపం. నిరుడు వేసవిలో తిన్న బంగినపల్లి పండు రుచికి మురిసి, దాని టెంకను పెరట్లో పాతి, మొలక వచ్చిందని సంబరపడుతున్నవారు ఉంటే, పశ్చిమ తీరపు కొన్ని రకాలను మినహాయిస్తే మన మామిడి టెంక నుంచి తల్లిని పోలిన మొక్క రాదనీ, పదేళ్లు నీళ్లు పోశాక ఏ పీచు కాయ చేతికి వస్తుందో ఎవరూ చెప్పలేరనీ గమనించి, ఆ మొలకను రూట్‌స్టాక్‌గా ఉంచుకుని, దగ్గరలో ఉన్న ఏ హార్టీ కుర్రాడినైనా పిలిచి దాని మీద అంటు కట్టించుకోవాలి. వచ్చినవాడికి టీ ఇవ్వడం మరవకూడదు. కరివేపాకు సంగతి అడగకూడదు.