పసుపు గుర్తును అలాగే వదిలేయండి

డివైస్ మేనేజర్‌లో ‘అన్‌నోన్ డివైస్’ అన్న పేరు, దాని మీద పసుపు త్రికోణం కనిపిస్తే నా మొదటి సలహా: ఏమీ చేయకండి. సికింద్రాబాద్‌లో ప్యారడైజ్ నుంచి పార్క్‌లేన్ దాకా ఏ కంప్యూటర్ షాపులో చెప్పినా దీన్ని తిక్క సలహా అంటారు. చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో, అదే మన సీటీసీలో, కౌంటర్ మీద లాప్‌టాప్ పెట్టగానే వినపడే మాట వేరు. “డ్రైవర్లు పడలేదంకుల్, ఫార్మాట్ కొట్టి కొత్తగా విండోస్ ఎక్కిస్తా.” తలూపకండి. ఫార్మాట్ కొడితే ఫొటోలు పోతాయి, ట్యాలీ లెక్కలు పోతాయి. ఆ డ్రైవర్ విండోస్‌తో పాటు రానిదైతే త్రికోణం మాత్రం తిరిగొచ్చి అక్కడే కూర్చుంటుంది.

ముందు చూసుకోవాల్సింది వేరే ఉంది. సౌండ్ వస్తోందా? వైఫై అందుతోందా? ప్రింటర్ కదులుతోందా? అన్నీ సవ్యంగా ఉంటే ఆ గుర్తుతో మీకు సాధారణంగా ఇబ్బందేమీ లేదు. చాలాసార్లు దాని వెనకున్నది బయటి నుంచి దూరిన వస్తువు కాదు, మదర్‌బోర్డు మీద మొదటి రోజు నుంచీ ఉన్న చిప్పే. పాత హెచ్‌పీ లాప్‌టాప్‌లలో తరచూ అది యాక్సిలరోమీటర్. లాప్‌టాప్ చేయి జారితే కింద పడేలోపే పసిగట్టి, హార్డ్‌డిస్క్‌కు గీత పడకుండా దాని హెడ్‌ను పక్కకు జరిపించే సెన్సార్ అది. హార్డ్‌డిస్క్ తీయించి ఎస్ఎస్‌డీ వేయించుకున్నవాళ్లకు దానితో పనే లేదు. పని లేనిదానికి డ్రైవర్ ఎక్కించుకోవడమెందుకు?

మనసు ఊరుకోకపోతే వెతకండి, కానీ డ్రైవర్‌ను కాదు, పేరును. పసుపు గుర్తున్న పేరు మీద రైట్ క్లిక్ కొట్టి ప్రాపర్టీస్‌లోకి, అక్కడ డీటెయిల్స్‌లోకి వెళ్లి, జాబితాలో ‘హార్డ్‌వేర్ ఐడీస్’ ఎంచుకోండి. పొడవాటి అక్షరాల వరుస వస్తుంది. అందులో సాధారణంగా ‘వెన్’ తర్వాతి నాలుగు స్థానాలు తయారీదారువి, ‘డెవ్’ తర్వాతి నాలుగు ఆ చిప్పువి. 8086 అని ఉంటే ఇంటెల్. 1978లో తెచ్చిన ప్రాసెసర్ నంబరునే ఆ కంపెనీ తన గుర్తుగా ఉంచుకుంది. 1022 అయితే ఏఎమ్‌డీ, 10డీఈ అయితే ఎన్‌విడియా, 10ఈసీ అయితే రియల్‌టెక్. యూఎస్‌బీ వస్తువులకు ఇవే ‘వీఐడీ’, ‘పీఐడీ’ పేర్లతో ఉంటాయి. ఆ వరుసను ఫోన్‌తో ఫొటో తీసుకుని షాపుకు వెళ్లండి, లాప్‌టాప్‌ను ఇంట్లోనే ఉంచండి. తెలిసినవాడైతే ఫొటో చూసి చెప్పేస్తాడు. మిషన్ చేతికిస్తే తప్ప చెప్పలేనంటే ఇంకో షాపు చూసుకోండి. ఊరికే దొరికే డ్రైవర్ అప్‌డేటర్ సాఫ్ట్‌వేర్‌లను మాత్రం ఇంట్లోకి రానివ్వకండి. ఒక్క చిప్పు కోసం దించుకుంటే అడగనివి కూడా వెంటబెట్టుకొస్తాయి.

నా మొదటి సలహాకు ఒక మినహాయింపుంది. ఆఫీసుల్లో వాడి వదిలేసిన డెల్ లాటిట్యూడ్‌లు సెకండ్‌హ్యాండ్‌లో మనవాళ్లు బాగా కొంటారు. వాటిలో ‘బ్రాడ్‌కామ్ యూఎస్‌హెచ్’ అనే పేరు త్రికోణంతో కనిపించడం మామూలే. వేలిముద్ర, స్మార్ట్‌కార్డ్ రీడర్‌ల పని చూసే చిప్పు అది, డెల్ దాన్ని కంట్రోల్‌వాల్ట్ అంటుంది. దాని ఫర్మ్‌వేర్‌లో లోపాలున్నాయని, అవి వందకు పైగా మోడళ్లలో ఉన్నాయని 2025లో సిస్కో టాలోస్ పరిశోధకులు బయటపెట్టారు. విండోస్ మళ్లీ ఎక్కించినా పోకుండా దొంగ కోడ్ అందులో తిష్ఠ వేయగలదని కూడా చూపించారు. వేలిముద్రతో లాగిన్ అయ్యేవాళ్లు డెల్ సైట్‌లో సర్వీస్ ట్యాగ్ కొట్టి అప్‌డేట్ వేసుకోండి. వాడనివాళ్లు డిసేబుల్ చేసేయండి.

డిసేబుల్ అన్నాను, అన్‌ఇన్‌స్టాల్ అనలేదు. వద్దనుకున్న వెబ్‌క్యామ్‌ను అన్‌ఇన్‌స్టాల్ చేస్తే కంప్యూటర్ మళ్లీ ఆన్ కాగానే విండోస్ దాన్ని కొత్త చుట్టంలా పిలిచి కూర్చోబెడుతుంది. డిసేబుల్ చేస్తే మీరు మళ్లీ ఎనేబుల్ చేసేదాకా పలకదు.

పనిచేస్తున్నదానికి కొత్త డ్రైవర్ కూడా వద్దు. ఇంజినీరింగ్ పిల్లలు ప్రాజెక్టు కోసం కోఠి గుజరాతీ గల్లీలో బోర్డులు కొంటుంటారు, ఈ మాట వాళ్లకు మరీ ముఖ్యం. 2014 అక్టోబరులో విండోస్ అప్‌డేట్ ద్వారా వచ్చిన ఎఫ్‌టీడీఐ డ్రైవర్, బోర్డులను యూఎస్‌బీకి కలిపే ఆ కంపెనీ చిప్పులకు నకిలీలైనవాటి పీఐడీని సున్నాగా మార్చేసింది. నిన్నటిదాకా నడిచిన పరికరాలను విండోస్ గుర్తుపట్టడం మానేసింది. డబ్బు పెట్టి కొన్నవాళ్లకు తమ బోర్డు మీద ఉన్నది నకిలీ చిప్పన్న సంగతే తెలియదు. అది అన్యాయమని నేను ఇప్పటికీ అంటాను. చవక బోర్డుల్లో ఎక్కువగా ఉండేది సీహెచ్340 చిప్పు. వీఐడీ 1ఏ86, పీఐడీ 7523 కనిపిస్తే అదే. దానికి డ్రైవర్ ఒకసారి ఎక్కించి వదిలేయండి.

చివరగా కీబోర్డుల సంగతి. టేబుల్ మీద ఉన్నది ఒక్కటే అయినా డివైస్ మేనేజర్‌లో రెండుమూడు పేర్లు ఉండొచ్చు. వైర్‌లెస్ మౌస్ రిసీవర్ కూడా కీబోర్డునని చెప్పుకుంటుంది, దాన్ని పీకొద్దు. పెన్‌డ్రైవ్ అలా చెప్పుకుంటే మాత్రం ప్రమాదం. కార్‌స్టెన్ నోల్, జాకబ్ లెల్ అనే భద్రతా పరిశోధకులు 2014లో బ్లాక్ హ్యాట్ సదస్సులో చూపించింది ఇదే: ఫర్మ్‌వేర్ మార్చిన పెన్‌డ్రైవ్ కీబోర్డు వేషం కట్టి, మీ బదులు తనే ఆదేశాలు టైపు చేస్తుంది. ఫైళ్లను వెతికే యాంటీవైరస్‌కు ఆ ఫర్మ్‌వేర్ కనపడదు. అందుకే జిరాక్స్ షాపుకు మెయిల్ చేసి ప్రింట్ తీయించుకోండి, దారిలో దొరికిన పెన్‌డ్రైవ్‌ను అసలు పెట్టకండి. ఎవరిదో పెట్టాల్సి వస్తే ముందు డివైస్ మేనేజర్ తెరిచి ఉంచండి. కీబోర్డుల వరుసలో కొత్త పేరు చేరిందో, ఆ క్షణమే పీకేయండి. ఎజెక్ట్ నొక్కేదాకా ఆగకండి.