గుర్రపుడెక్కకు శివారు రైతు రాసిన ఉత్తరం

గుర్రపుడెక్కా,

ఆదివారం పొద్దున మా నీటి సంఘం సభ ఉంది. కాలువ వాడుకునేవాళ్ళకు కొత్త కట్టుబాట్లు ఏం పెట్టాలి, నీటి తీరువా ఎంత పెంచాలి అని రైతుల అభిప్రాయం అడుగుతారట. అక్కడ నోరు విప్పేముందు నీతో తేల్చుకోవలసిన లెక్క ఒకటుంది. నువ్వెలాగూ చదవవు. మా ఆయకట్టు వాళ్ళు చదువుతారని నీ పేరున రాస్తున్నాను.

నాది గోదావరి పశ్చిమ డెల్టాలో, కాలువ చిట్టచివర రెండెకరాలు. మా తూము తర్వాత ఇంకో తూము లేదు. జూన్‌లో ధవళేశ్వరం దగ్గర నీళ్ళు వదిలారని తెలిసిన రోజునుంచి మేం రోజులు లెక్కపెట్టుకుంటాం. ఎగువ ఊళ్ళలో నారుమళ్ళు పచ్చబడతాయి. మా పంటబోదె అడుగు మాత్రం తడవదు. సంగతేమిటని సైకిలెక్కి గట్టు వెంట ఎగువకు వెళ్తే నువ్వు కనిపిస్తావు. లాకుల దగ్గర, వంతెన ఖానాల్లో, తూముల నోళ్ళలో, చూసినవాళ్ళు పచ్చిక అనుకుని కాలు పెట్టేటంత దట్టంగా ఉంటావు. నీ కింద నీళ్ళున్నాయి. అవి కదలవు. పోయిన సార్వాలో అవి మా దాకా వచ్చేసరికి నారు ముదిరిపోయింది. ముదురు నారే నాటాం. పిలకలు సరిగ్గా రాలేదు.

వెనక లస్కర్లు నడుంలోతు నీళ్ళలో దిగి, గడకు కట్టిన కొక్కెంతో నిన్ను లాగి పడేసేవాళ్ళు. ఇప్పుడు పొక్లెయిన్ వస్తుంది. తీసిన మొక్కలన్నీ గట్టు మీదే కుప్పపోసి వెళ్ళిపోతుంది. నాలుగు వానలు పడితే ఆ కుప్ప జారి మళ్ళీ కాలువలోకే. ఒక్క మొక్క మిగిలినా నీకు చాలు. పక్కకు తీగ సాచి పిల్లమొక్కలు పెడతావు, అన్నీ కుదిరితే రెండు వారాల్లో రెట్టింపవుతావు. వేసవిలో కాలువ కట్టేసి అడుగు నెర్రెలిచ్చినా, బురదలో పడిన నీ గింజ ఇరవై ఏళ్ళు ప్రాణం పట్టుకుని ఉంటుంది. నీ పుట్టిల్లు దక్షిణ అమెరికా. నీ ఊదాపువ్వు చూసి ముచ్చటపడి పంతొమ్మిదో శతాబ్దం చివర బెంగాల్‌కు తెచ్చుకున్నారు. 1936లో అక్కడ నీకోసమే ఒక చట్టం చేయాల్సి వచ్చింది.

కలుపు మందు కొట్టేద్దామనేవాళ్ళు సభలో తప్పకుండా ఉంటారు. నేను ఒప్పుకోను. ఈ కాలువ నీళ్ళే మా మంచినీళ్ళ చెరువు నింపుతాయి. పిల్లలు తాగేది అవే.

ఇక తీరువా. 1990లలో పెంచిన పట్టిక ప్రకారం మొదటి పంట వరికి ఎకరాకు 200 రూపాయలు, రెండో పంటకు 150, చేపల చెరువుకు 500. లాకుల పక్కనున్న పొలానికీ 200, రెండు వారాలు ఆలస్యంగా నీళ్ళందిన నా పొలానికీ 200. ఎగువ రైతు మీద నాకు కోపం లేదు. అతనికి వచ్చిన నీళ్ళకు అతను కడుతున్నాడు. పెంచడమే వద్దని కూడా అనను. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. అప్పటినుంచి ఈ నేల అన్నం పెడుతున్నది ఆ నీళ్ళతోనే. కాలువ నిలవాలంటే డబ్బు కావాలి, మేం కడతాం. కానీ ఆ పట్టికలో పంటలకు వరసలున్నాయి, చెరువులకు వరస ఉంది. కాలువలోకి మురుగు వదిలేవాళ్ళకు వరస లేదు. నిన్ను మేపుతున్నది వాళ్ళు.

నీటి సంఘాలను పుట్టించిన 1997 చట్టంలో నేరాల జాబితా ఉంది. కాలువకు అడ్డుపెట్టడం నేరం, కాలువ నీటిని పాడుచేయడమూ నేరమే. అడ్డుపడుతున్నది నువ్వు. నీళ్ళు పాడుచేసి నీకు బలమిస్తున్నవి గట్టు దిగి వచ్చే మురుగు గొట్టాలు. ఈ రెండూ కలిపి చదివినవాళ్ళెవరూ మా సభల్లో ఇంతవరకూ నాకు తగల్లేదు. మా పొలాల్లో ఎక్కువైన యూరియా కూడా మురుగు డ్రెయిన్లలోకి దిగుతుంది. అక్కడ నువ్వు బలిసినదానికి పూచీ మాదే. ఆ వరస కూడా పట్టికలో రాయమంటాను.

మురుగే నిన్ను మేపుతోందని నాకు నీ వేళ్ళు చెప్పాయి. తిండి తక్కువున్న నీళ్ళలో నువ్వు వెతుక్కుంటూ వేళ్ళు పొడుగ్గా సాచుతావు, ఆకులు చిన్నవిగా ఉంటాయి. మురుగు కలిసినచోట నీకు ఆ కష్టం లేదు, వేళ్ళు పొట్టిగానే ఉండిపోతాయి, బలమంతా ఆకుల్లోకి పోతుంది. పోయినవారం ఒక గొట్టానికి ఎగువన నిన్ను పీకాను. వేళ్ళు నా మోచేతి పొడుగున్నాయి. గొట్టం దాటాక పీకిన మొక్కకు జానెడు కూడా లేవు. కాడలు మాత్రం మోకాలి దాకా వచ్చాయి. అధికారులు ఖరీదైన పరీక్షలు చేయించుకోవచ్చు, మంచిదే. అంతవరకూ గట్టు మీద నడిచే ఏ రైతుకైనా ఈ కొలత చాలు.

నీకు ఉప్పు గిట్టదు. మా ఊరు దాటి సముద్రపు పోటు తగిలేచోట నువ్వు మాడిపోతావు. ఆ ఉప్పే మా నేలకూ ముప్పు. కాలువ నీళ్ళు తగ్గిన ఏడు అది పొలంలో తెల్లగా పైకి తేలుతుంది. నువ్వు ఎగువన ఆపుతున్నది ఒక్క తడిని కాదు, ఆ ఉప్పును కిందికి అణిచిపెట్టే మంచినీళ్ళను.

ఆదివారం రెండు బకెట్లు తెస్తున్నాను. ఒకదాంట్లో గొట్టానికి ఎగువ మొక్క, ఇంకోదాంట్లో దిగువ మొక్క. వేదిక ముందున్న బల్ల మీద రెండింటినీ పక్కపక్కన పరుస్తాను. కొలత టేపు కూడా జేబులో ఉంటుంది. ఎకరాకు ఎంత పెంచమంటారు అని అడిగేముందు, ఈ వేళ్ళు కొలవమంటాను.

ఇట్లు,
ఆఖరి తూము రైతు