రాజహంసతో రీలు తీయడం ఎలా?

ఆదివారం పది దాటాక బయల్దేరండి. పిట్టల్ని చూసే అలవాటున్నవాళ్ళు తెల్లారేసరికి చెరువు గట్టు మీద ఉండాలంటారు, మేత హడావిడంతా అప్పుడేనట. ఆఫీసుకే టైముకి లేవని మనం పిట్ట కోసం అయిదింటికి లేస్తామా? ఇడ్లీ తిని, ఫిల్టర్ కాఫీ తాగి, మియాపూర్ మీదుగా తీరిగ్గా అమీన్‌పూర్ చెరువుకి చేరండి.

కుతుబ్‌షాహీల నాటి చెరువు అది. 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. దేశంలో ఆ హోదా దక్కిన మొదటి చెరువని పేపర్లన్నీ రాశాయి. హోదా వచ్చింది, బోర్డు పెట్టారు, ఇంకేం కావాలి? ఇక దాని మంచిచెడ్డలు బోర్డే చూసుకుంటుంది.

మెరిసే ఎరుపో, రేడియం పచ్చో వేసుకోండి. మట్టిరంగు బట్టలు వేసుకుని చెట్టు చాటున నక్కేవాళ్ళకి ఫోటోల్లో అందం ఉండదు. బ్లూటూత్ స్పీకరు మర్చిపోవద్దు. ప్రకృతి ఒడిలో పాట లేకపోతే ఎలా?

ఇక అసలు సంగతి, రాజహంసలు. చలికాలంలో వచ్చిన ఏడాది వాటిని వదలకూడదు. చిక్కేమిటంటే వాటికి కెమెరా స్పృహ బొత్తిగా లేదు. లోతు తక్కువ నీళ్ళలో నిలబడి, పొడవాటి మెడ వంచి, ముక్కును తలకిందులుగా బురదలో పెట్టి, నీటిని వడగట్టి నాచూ పురుగూ ఏరుకుంటూ గంటలు గడిపేస్తాయి. మొహం కనపడదు. మీరు ఒడ్డు దిగి, నీటి అంచుదాకా వెళ్ళి గట్టిగా చప్పట్లు కొట్టండి. రాజహంస ఉన్నచోటి నుంచే లేవలేదు, నీళ్ళ మీద టపటపా నాలుగడుగులు పరుగెత్తాకే గాల్లోకి లేస్తుంది. మీకు కావలసిన రీలు ఆ పరుగే. సరిగ్గా రాలేదా? మళ్ళీ వాలనిచ్చి మళ్ళీ కొట్టండి. డ్రోను ఉంటే చప్పట్లతో పనే లేదు, తలమీద గద్ద తిరిగినట్టు గుంపు గుంపంతా ఒక్కసారే లేస్తుంది. అంత దూరం నుంచి తిండి కోసం వచ్చినవాటిని ఇలా లేపుతూ ఉంటే తిన్నదంతా ఎగరడానికే ఖర్చయిపోతుందని గట్టు మీద ఎవరో పెద్దాయన గొణుగుతాడు. వ్యాయామం మంచిదే కదండీ అనండి.

పిల్లలు పేర్లడిగితే తడబడకండి. తెల్లగా ఉంటే కొంగ, నల్లగా ఉంటే బాతు. నుదుట తెల్లమచ్చ ఉన్న బొల్లికోడి కూడా బాతే. నీటికాకి రాయి మీద రెక్కలు బార్లా చాపుకుని కూర్చుంటుంది. దాని ఈకలు తడిసిపోతాయి కాబట్టి ఆరబెట్టుకుంటోందని తెలిసినవాళ్ళు చెబుతారు. వినకండి. పాపం ఎగరలేక ఇరుక్కుపోయింది, చిన్న రాయి విసిరి సాయం చేయండి.

ఎండలు ముదిరాక వెళితే జనం తక్కువ, బండిని గట్టు కింద కంకర నేల మీదికే దించేయొచ్చు. అక్కడ తీతువు పిట్ట ఒకటి మీ నెత్తి మీద గింగిరాలు కొడుతూ గొంతు చించుకుంటుంది. స్వాగతం పలుకుతోందనుకోండి. కిందికి మాత్రం చూడకండి. చూస్తే చేతి వెడల్పు గుంట, చుట్టూ గులకరాళ్ళు, మధ్యలో మట్టిరంగు మీద నల్లమచ్చలతో నాలుగు గుడ్లు, సన్నటి మొనలు లోపలికి తిప్పుకుని కనిపిస్తాయి. కనిపిస్తే బండి పక్కకి తీయాలనిపిస్తుంది. చూడకపోతే అవీ రాళ్ళే.

ఆకలేస్తే బిర్యానీ అక్కడే విప్పండి. మిగిలింది గట్టున వదిలేస్తే కుక్కలకి పుణ్యం. అవి రోజూ రావడం మరుగుతాయి, బిర్యానీ లేని రోజున పైన చెప్పిన గుంటలు వెతుక్కుంటాయి, వాటి తిండికి లోటుండదు. బ్రెడ్డు ముక్కలు నీళ్ళలో వేయండి. పిట్టలు తినకపోయినా కుళ్ళుతుంది, కాలనీల మురుగు ఎలాగూ కలుస్తోంది, రెండూ కలిసి గుర్రపు డెక్కకి మంచి ఎరువు. చెరువు పచ్చగా ఉంటే ఎవరికి చేదు?

ఇంత అందం చూశాక లేక్ వ్యూ ఫ్లాటు మీద మనసు పడడం సహజం. బ్రోకరు ఆరో అంతస్తు బాల్కనీ చూపిస్తాడు. చెరువు నిండితే నీళ్ళు చేరే హద్దు, అదే ఎఫ్‌టీఎల్, ఎక్కడిదాకా, దాన్ని దాటి కట్టడాలు కూడని 30 మీటర్ల బఫర్ ఎక్కడిదాకా అని అడిగి ఆయన్ని నొప్పించకండి. 2024లో చెరువుల ఆక్రమణలు కూల్చే హైడ్రా వచ్చినప్పటి నుంచి ఆ మాటలంటేనే ఉలిక్కిపడుతున్నారు పాపం. వానాకాలంలో మాత్రం సైటు చూడ్డానికి వెళ్ళకండి, పార్కింగు దాకా నీళ్ళుంటాయి. మే నెలలో వెళ్ళండి. చెరువు బాగా వెనక్కి తగ్గి ఉంటుంది, ఇంకో రెండు బ్లాకులకి కూడా చోటుంటుంది. బ్రోచర్ మీద రాజహంస బొమ్మ ఎలాగూ ఉంటుంది.