త్రిచక్రపాణి

డాలస్‌కు ఉత్తరాన ఫ్రిస్కో, ప్లేనో, మెకిన్నీ అంటూ మనవాళ్ళు బారులు తీరి కాపురాలు పెట్టిన ఊళ్ళున్నాయి. ఆదివారం పొద్దున అక్కడి ఏ వీధిలో నిలబడినా గరాజ్ తలుపులు ఒక్కొక్కటే పైకి లేస్తుంటాయి. లోపలినుంచి ఏ బండి రాబోతోందో చూడకుండానే చెప్పొచ్చు. టయోటా సియెన్నా, హోండా ఒడిస్సీ, ఇంటాయన కాస్త ముందుచూపు గలవాడైతే టెస్లా. రంగు తెలుపు, కాదంటే బూడిద.

ఒక్క గరాజ్ మాత్రం తెరుచుకోకముందే గోడలు అదురుతాయి. తలుపు లేవగానే నేలకు జానెడెత్తున ఎర్రటి వస్తువొకటి బయటికొస్తుంది. ముందు రెండు చక్రాలు, వెనక ఒకటి. తలుపుల్లేవు, కిటికీల్లేవు, పైకప్పు లేదు. స్పీకర్లలో కీరవాణి. స్టీరింగ్ వెనక హెల్మెట్, నల్లద్దాలు, మోచేతుల దాకా సన్‌స్క్రీన్ పూసుకున్న నలభై ఎనిమిదేళ్ళ పెద్దమనిషి. ఈయన్ని త్రిచక్రపాణి అందాం. శివారుకొకరో ఇద్దరో ఉంటారు. ఇంటిపేర్లు మారతాయి గానీ కథ ఒకటే.

ఆ బండి ఎక్కే రోజు దాకా చక్రపాణి జీవితంలో ఎవరూ వేలెత్తి చూపగలిగింది ఏమీ లేదు. ఎంసెట్ ర్యాంకు, ఎమ్మెస్, హెచ్-1బీ, గ్రీన్‌కార్డు కోసం ఏళ్ళకేళ్ళ ఎదురుచూపు, ముప్పై ఏళ్ళ ఇంటి అప్పు, పిల్ల చదువుకు 529 ఖాతా. ఏది కొన్నా ముందు నలుగురి రివ్యూలు చదివి, ఎక్సెల్ షీట్ కట్టి, కాస్ట్‌కోలో ధర తగ్గేదాకా ఆగి కొన్నాడు. మిక్సీకి కూడా అదే మర్యాద. అటువంటి మనిషి ఆఫీసు పని మీద లాస్ వేగస్ వెళ్ళాడు. అక్కడ సాయంత్రాలు స్లింగ్‌షాట్ అనే మూడు చక్రాల బండిని గంటల లెక్కన అద్దెకిస్తారు. తోటివాళ్ళు బలవంతం చేస్తే ఎక్కాడు. ఆ రాత్రి హోటల్ గదిలో ఎక్సెల్ షీట్ తెరవలేదు. నెల తిరక్కుండా బండి ఇంటికొచ్చింది.

దాని పుట్టుపూర్వోత్తరాలు ఆయన నోటే వినాలి. చేసేది పొలారిస్ కంపెనీ. మినెసోటా రాష్ట్రంలో, కెనడా సరిహద్దుకు దగ్గరగా ఉన్న రోజో అనే చలి ఊళ్ళో 1954లో మొదలై, మంచు మీద పరుగెత్తే బండ్లతో పేరు తెచ్చుకుంది. ఆ మంచు కంపెనీయే 2014లో పైకప్పు లేని ఈ బండిని తయారుచేసి ఎండ మాడ్చే రాష్ట్రాలకు కూడా అమ్మింది. అప్పట్లో అందులో ఉన్నది జనరల్ మోటార్స్ వారి 2.4 లీటర్ల ఇంజను, 173 గుర్రాల బలం. బరువు సుమారు 1,700 పౌన్లు, అంటే 770 కిలోలు. ప్రారంభ ధర 19,999 డాలర్లు. ఎవరైనా ఇరవై వేలని గుండుగుత్తగా అంటే చక్రపాణి ఊరుకోడు, ఆ ఒక్క డాలరు తీయించే దాకా వదలడు. తాను కొన్న రకం అంతకంటే చాలా ఎక్కువ పలికిందన్న సంగతి మాత్రం అంత గట్టిగా చెప్పడు.

మొదటి అయిదు మోడళ్ళూ క్లచ్ తొక్కి గేరు మార్చేవే. చక్రపాణి గేర్లకు కొత్తవాడేం కాదు. కాలేజీ రోజుల్లో బజాజ్ చేతక్ మీద తెనాలి, గుంటూరు ఏకం చేసినవాడే. కానీ అమెరికా వచ్చాక గేర్లు మార్చే చేతికి పూర్తి పదవీ విరమణ ఇచ్చేశాడు. 2020 మోడల్ నుంచి కంపెనీ సొంతంగా చేసుకున్న రెండు లీటర్ల ఇంజను పెట్టి, క్లచ్ అక్కర్లేని రకం కూడా తెచ్చింది. ఈయన సంతకం పెట్టింది ఆ తర్వాతే. సాహసానికైనా ఒక పద్ధతుండాలి గదా.

ఇంతకీ ఇది కారా, మోటారుసైకిలా? అమెరికా కేంద్ర నిబంధనల ప్రకారం నేలకు ఆనే చక్రాలు మూడు మించకపోతే అది మోటారుసైకిల్ కిందే లెక్క. కాబట్టి కారుకుండాల్సిన ఎయిర్‌బ్యాగులు దీనికి అక్కర్లేదు. అలాగని కాళ్ళు చెరోపక్కా వేసి కూర్చునేదీ కాదు. కుర్చీలు, సీటు బెల్టులు, స్టీరింగ్, పెడళ్ళు అన్నీ కారువే. 2014లో టెక్సస్‌లో ఇక్కడే చిక్కొచ్చింది. ఆ రాష్ట్ర చట్టంలో మోటారుసైకిలంటే జీను ఉండాలి. ఇందులో జీను లేదు. రిజిస్ట్రేషన్ ఆగిపోయింది. జీను లేని బండిని కౌబాయ్‌ల రాష్ట్రం ఒప్పుకోకపోవడంలో కొంత న్యాయం లేకపోలేదు. 2015లో శాసనసభ కలగజేసుకుని ‘ఆటోసైకిల్’ అనే కొత్త గోత్రాన్ని సృష్టించాక గానీ ఆ బండికి దారి దొరకలేదు. ఇప్పుడక్కడ మామూలు కారు లైసెన్సుతో నడపొచ్చు. హెల్మెట్ సంగతి మాత్రం రాష్ట్రానికో తీరు.

గోత్రం శాసనసభలో తేలింది గానీ గుళ్ళో తేలలేదు. వాహన పూజకు వెళ్తే రసీదు రాసే వలంటీరు కలం పట్టుకుని ఆగిపోయాడు.

“కారు అని రాయనా అండీ, బైకు అనా?”

“ఆటోసైకిల్ అని రాయండి.”

“సైకిల్‌కు పూజ లేదండీ.”

చివరికి కారు రసీదే కోశారు. పంతులుగారు బయటికొచ్చి బండి చుట్టూ ఓ ప్రదక్షిణం చేసి, “నాలుగోది ఊడిపోయిందా నాయనా?” అని జాలిగా అడిగారు. పసుపు, కుంకుమ, కొబ్బరికాయ సవ్యంగా జరిగాయి. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టేసరికి తెచ్చిన నాలుగింటిలో ఒకటి మిగిలింది. దాన్ని శ్రీమతి చేతిసంచిలో వేసుకుంది. మర్నాడు అది పులిహోరలోకి వెళ్ళింది. ఈ బండి వల్ల ఇంటికి జరిగిన లాభం ఆ నిమ్మకాయ ఒక్కటేనని ఆవిడ ఇప్పటికీ వచ్చినవాళ్ళందరికీ లెక్క చెబుతుంది.

తెనాలిలో ఉన్న అమ్మకు వీడియో కాల్‌లో చూపించడం ఆయన చేసిన మరో సాహసం. ఆవిడ కళ్ళజోడు సవరించుకుని చాలాసేపు చూసింది.

“అంత దూరం వెళ్ళి ఆటో కొన్నావేమిట్రా?”

“ఆటో కాదమ్మా. ఆటోకు ముందొకటి, వెనక రెండు. దీనికి ముందు రెండు, వెనకొకటి.”

“అయితే వెనక్కి తిప్పిన ఆటో. టాపు ఎవరు పట్టుకుపోయారు?”

పక్కనుంచి నాన్న అందుకున్నాడు. “వెనక చక్రాన్ని తిప్పేదేమిటి?”

“బెల్టు నాన్నా. కార్బన్ ఫైబర్ కలిపి చేసింది.”

“మన రైసుమిల్లులో ఉండేదేగా?”

కాదనడానికి చక్రపాణికి మాట దొరకలేదు. 1909లోనే ఇంగ్లండులో మోర్గాన్ అనే ఇంజనీరు ముందు రెండు, వెనకొకటి చక్రాలతో బండి కట్టాడనీ, ఇది రాచకుటుంబం కాకపోయినా పరువైన వంశమేననీ వివరించబోయాడు. అమ్మ అడ్డుకుంది. “అదంతా సరే. మన వీధి చివర ఆటోలో పదిమంది ఎక్కుతారు. ఇందులో ఎంతమందిరా?” ఇద్దరన్నాడు. ఆవిడ ఇంకేమీ మాట్లాడకుండా ఫోను పక్కింటి పిన్నిగారికి అందించింది.

ఆ రెండో సీటుకూ ఒక కథ ఉంది. శ్రీమతి ఒకే ఒక్కసారి కూర్చుంది. పెళ్ళి విందుకని పట్టుచీర కట్టుకుని, జడలో పూలు పెట్టుకుని బయల్దేరింది. పూలు హైవే మీదే రాలిపోయాయి. విందులో అందరూ ఆవిణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చారు. అప్పటినుంచి ఆ స్థానం ఇండియన్ స్టోర్‌లో కొన్న ఇరవై పౌన్ల సోనామసూరి బస్తాది. దానికి చక్కగా సీటు బెల్టు పెట్టి తీసుకొస్తాడు. నెమ్మదిగా పోనివ్వండి అని ఆ బస్తా ఇంతవరకూ అనలేదు. పదిహేనేళ్ళ కూతురు మొదట్లో “నాన్నా, స్కూలుకు ఒక వీధి అవతలే దింపెయ్” అనేది. క్లాసులో ఎవరో కుర్రాడు బండి బాగుందన్నాక గేటు ముందే ఆపమంటోంది, అదీ రెండుసార్లు హారను కొట్టి.

డ్రైవ్-త్రూలో కాఫీ కొనడం ఆయనకో యోగాసనం. సీటు నేలకు అంటుకుని ఉంటుంది, కిటికీ పైనెక్కడో ఉంటుంది. లోపలి పిల్ల నడుం దాకా బయటికి వంగాలి, ఈయన సీటు బెల్టు అనుమతించినంత మేరకు లేవాలి. ఇద్దరి వేళ్ళూ కలిసే చోట కాఫీ కప్పు చేతులు మారుతుంది. వెనక కార్లవాళ్ళు హారన్లు కొట్టరు, ఫొటోలు తీస్తారు.

ఆయన అసలు కొలువు మాత్రం పెట్రోలు బంకులో. ట్యాంకులో ముప్పాతిక ఉండగానే వెళ్తాడు. గొట్టం చేతిలోకి తీసుకునేలోగా ఎవరో ఒకరు దగ్గరికొస్తారు. ఇదేమిటి, ఎంత స్పీడు పోతుంది, ఎంత పెట్టి కొన్నావు, వానొస్తే ఎలా? వరస కూడా మారదు. చక్రపాణి ప్రతిసారీ ఆ ప్రశ్న కొత్తగా విన్నట్టు ముఖం పెట్టి, అలబామాలోని హంట్స్‌విల్ ఫ్యాక్టరీ దగ్గర్నుంచి మొదలెడతాడు. అదే మనవాళ్ళు ఎదురుపడితే ప్రశ్నలు వేరు. మైలేజ్ ఎంత? రీసేల్ ఉందా? ఆ డబ్బు ఇండెక్స్ ఫండ్‌లో పడేస్తే పదేళ్ళకు ఎంతయ్యేదో తెలుసా? ఈ మూడో ప్రశ్నకు జవాబు ఆయనకు సెంట్లతో సహా తెలుసు. అందుకే మనవాళ్ళు నడిపే బంకుకు వెళ్ళడు.

రోడ్డు మీద ఆయన ఏ పంక్తికీ చెందడు. హార్లీ మోటారుసైకిళ్ళవాళ్ళు ఎదురైనప్పుడు ఎడమచెయ్యి కిందికి చాచి ఒకరికొకరు సైగ చేసుకుంటారు. చక్రపాణీ చెయ్యి చాస్తాడు. వాళ్ళు ఆకాశంలోకి చూస్తారు. కార్లవాళ్ళకు అసలు ఆ అలవాటే లేదు. ఎప్పుడో మరో స్లింగ్‌షాట్ ఎదురైతే మాత్రం ఇద్దరూ చేతులు నొప్పెట్టేలా ఊపుకుంటారు, తిరునాళ్ళలో తప్పిపోయిన అన్నదమ్ములు కలిసినట్టు.

వాన గురించి అడిగితే ఆయన దగ్గర సిద్ధంగా జవాబుంది. సీట్లు తడిసినా చెడవు, డ్యాష్‌బోర్డుకు నీళ్ళు తగిలినా పర్లేదు, నీళ్ళు నిలవకుండా కన్నాలున్నాయి. “బండికేం కాదండీ” అంటాడు ధీమాగా. మనిషి మాటెత్తడు. ఎండకు స్లింగ్‌షేడ్ అని రంగు పలకల కప్పొకటి విడిగా అమ్ముతారు, అదీ కొన్నాడు. పక్కలు ఖాళీయే కనుక వాన దాని కిందనుంచి నిక్షేపంగా లోపలికొస్తుంది. పైగా తడి రోడ్డు మీద ఇంజను బలమంతా వెనకున్న ఆ ఒక్క టైరు మీదే పడుతుంది, కాలు కాస్త గట్టిగా ఆనితే తోక పక్కకు తిరుగుతుంది. అందుకని టెక్సస్ వాన విరుచుకుపడితే ఫ్లైఓవరు కిందకు చేరతాడు. అక్కడ అప్పటికే హార్లీలవాళ్ళు తలలు తుడుచుకుంటూ ఉంటారు. తడిసినవాళ్ళ మధ్య చక్రాల లెక్క ఎవరూ తీయరు. ఎవరో ఒకాయన సంచిలోంచి తువ్వాలు తీసిస్తాడు, మరొకాయన వచ్చి ఇంజను చూపించమంటాడు. వాన వెలిశాక ఎవరి దారి వారిది, మళ్ళీ ఎదురుపడితే ఆకాశమే.

ఇన్ని తిప్పలు పడి ఈ మనిషి కొనుక్కున్నదేమిటి? వేగం కాదు, ఆయన హద్దు దాటడు. సౌఖ్యం అసలే కాదు. ఆ శివారు వీధుల్లో ఒక్కరోజు ఉండి చూస్తే జవాబు తెలుస్తుంది. గరాజ్ తలుపు లేస్తుంది, అద్దాలు బిగించిన కారు వెళ్ళిపోతుంది, సాయంత్రం తిరిగొస్తుంది, తలుపు పడిపోతుంది. పక్కింటివాళ్ళ కుక్క పేరు తెలుస్తుంది గానీ పక్కింటాయన పేరు ఏళ్ళు గడిచినా తెలియదు. అరుగు మీద కూర్చుంటే దారినపోయే ప్రతివాడూ ఎక్కడికని పలకరించే ఊళ్ళో పెరిగిన మనిషి ఇంతకాలం ఈ నిశ్శబ్దాన్ని ఓర్చుకున్నాడు. ఇప్పుడు నాలుగు తలుపులూ పైకప్పూ పీకేసిన బండిలో కూర్చుని, సిగ్నల్ దగ్గర ఆగిన ప్రతివాడితోనూ మాట్లాడుతున్నాడు. ఎదురింటి ముసలాయన పేరు, ఆయన మోకాళ్ళ నొప్పి, ఆయన కుర్రతనంలో బాగుచేసిన ట్రక్కులు అన్నీ ఈయనకు తెలుసు. ముప్పై వేల డాలర్లు పోసి అమెరికాలో అరుగు కట్టించుకున్నాడనుకోండి. దానికి రీసేల్ ఉంటుందా అని అడగడం అన్యాయం.

కాబట్టి అటువైపు వెళ్ళినప్పుడు చక్రపాణి మిమ్మల్ని ఓ రౌండుకు పిలిస్తే కాదనకండి. హెల్మెట్ అడిగి మరీ పెట్టుకోండి, చట్టం ఏమన్నా సరే. పట్టుబట్టలూ పూలూ ఇంట్లో పెట్టి రండి. మైలేజ్ మాటా ఆటో మాటా ఎత్తకండి. దిగేటప్పుడు మాత్రం “ఇంకో రౌండు వేద్దామా బావగారూ” అనండి. బండికి పెట్టిన ఖర్చంతా ఆయనకు అక్కడే గిట్టుబాటవుతుంది.