ఆవిరి కోసం అఖిలపక్షం

టిఫిన్ సెంటర్ పెడతామనేవాళ్లు మీ ఇంట్లోనూ ఒకరుంటారు. మా ఆవిడ అని ఊరుకోలేదు, వీధి గదిలో పెట్టేసింది. గిరాకీ పెరిగింది, ఇడ్లీ పాత్ర చాలలేదు, కరెంటు స్టీమర్ దిగింది. నా ఎత్తున స్టీలు పెట్టె, లోపల వరసగా ప్లేట్లు, అడుగున 9 కిలోవాట్ల హీటర్లు. "ఏముందండీ, కరెంటిచ్చి నీళ్లిస్తే చాలు" అన్నాడు అమ్మినవాడు. ప్రభుత్వాలు బోర్లా పడేదీ సరిగ్గా ఆ రెండింటి దగ్గరే.

ముందు విద్యుత్ సంక్షోభం. మన ఇళ్లలో పెద్ద ప్లగ్గంటే 16 ఆంపియర్లు. 230 వోల్టుల మీద అది మోసేది 3.7 కిలోవాట్ల లోపే. ఈ మహాయంత్రం సింగిల్ ఫేజ్ మీద 39 ఆంపియర్లు లాగుతుంది, త్రీఫేజ్‌లో పంచితే ఫేజుకి 13తో సరిపెట్టుకుంటుంది. మాది తరతరాల సింగిల్ ఫేజ్ సంసారం. ఇక లోడు పెంచాలి, మీటరు మార్చాలి, సర్వీసు వైరు మార్చాలి, వ్యాపారం కనుక కేటగిరీ ఒకటి నుంచి రెండుకి ఎక్కాలి. ప్రమోషన్ అనుకునేరు, పెరిగేది యూనిట్ రేటు.

ఎలక్ట్రీషియన్ అక్కడితో ఆగాడా? దీనికి విడిగా ఎంసీబీ కావాలన్నాడు, 30 మిల్లీ ఆంపియర్లు లీకైనా కట్టయ్యే బ్రేకరు కావాలన్నాడు, కొత్త ఎర్తింగ్ కావాలన్నాడు. తులసికోట పక్కనే గొయ్యి తవ్వించి, పైపు పాతి, బొగ్గూ ఉప్పూ నింపి, ఎండాకాలం రోజూ నీళ్లు పొయ్యమన్నాడు. పొద్దున్నే స్నానం చేసి తులసమ్మకి మా ఆవిడ పోస్తుంది, గోతికి నేను పోస్తాను. ఈ వయసులో నాకూ ఓ ఇష్టదైవం.

ఇక జలవివాదం. తాగే నీళ్లలో కాఠిన్యం లీటరుకి 200 మిల్లీగ్రాములు మించకూడదనీ, వేరే దిక్కు లేకపోతే 600 దాకా సర్దుకోమనీ భారతీయ ప్రమాణం. మా బోరు ఆ దిక్కులేని గీతని కూడా ఎప్పుడో దాటింది. ఆ నీళ్లు కాగితే హీటరుకి సున్నం పెచ్చు కడుతుంది, వేడి బయటికి పోలేక హీటరు మాడుతుంది. కాబట్టి సాఫ్ట్‌నర్. అదీ ఉప్పే తింటుంది. గోతిలో ఉప్పు, సాఫ్ట్‌నర్‌లో ఉప్పు, నా బీపీలో ఉప్పు. చట్నీలో మాత్రం తక్కువైందట.

యంత్రంలోకి నీళ్లు ప్రెజర్‌తో వెళ్లాలన్నాడు ప్లంబరు. పది మీటర్ల ఎత్తు నుంచి దిగితేగానీ నీళ్లకి ఒక కేజీ ప్రెజర్ రాదు. మా డాబా మీది ట్యాంకు మూడు మీటర్లు. అంచేత ఓ బుల్లి పంపు. యంత్రం నుంచి బయటికి పోయే నీళ్లు సలసల కాగుతుంటాయి, మామూలు పీవీసీ పైపు వేస్తే మెత్తబడి వంగిపోతుంది. అంచేత సీపీవీసీ. ప్లంబరు 'అంచేత' అన్నప్పుడల్లా నా చెయ్యి జేబుని తడుముకుంటోంది.

అన్నీ అమిరాక అసలు ప్రతిష్టంభన మొదలైంది. నీళ్లు లేకుండా స్విచ్చేస్తే హీటర్లు కాలిపోతాయి, ముందు నీళ్లు నింపమంటాడు ఎలక్ట్రీషియన్. నీళ్లొదిలే వాల్వు కరెంటుతో తెరుచుకునేది, ముందు స్విచ్చెయ్యమంటాడు ప్లంబరు. ఇద్దరిదీ న్యాయమే, అదే నా ఖర్మ. నీళ్లు లేకపోతే హీటర్లని దానంతటదే ఆపేసే ఏర్పాటు లోపలే ఉందని పుస్తకం తెరిచి చూపించాను. యంత్రం మాట నమ్మి పని చెయ్యమంటారా అని ఇద్దరూ తొలిసారి ఏకమయ్యారు.

ప్రస్తుతం అరుగు మీద చర్చలు సాగుతున్నాయి. మా ఆవిడ చెరో నాలుగిడ్లీలు పెట్టింది. మరో విడత చర్చలకి కారప్పొడి కావాలట.